హైలక్స్‌కు స్నార్కెల్ బిగించాను బావా

కెయిర్న్స్, క్వీన్స్‌ల్యాండ్

ప్రియమైన బావా,

నువ్వు పంపిన థార్ జీపు ఫొటోలు ఇంట్లో అందరం చూశాం. ఎర్ర రంగు చాలా బాగుంది. దానికి కూడా స్నార్కెల్, అంటే ఇంజిన్ పీల్చే గాలిని పైకప్పు ఎత్తు నుంచి తెచ్చే గొట్టం, పెట్టించి మారేడుమిల్లి వాగుల్లో దించాలని ఉందని, నా అభిప్రాయం చెప్పమని అడిగావు. అది ఫోనులో రెండు మాటల్లో తేలే విషయం కాదు. సరిగ్గా ఈ మధ్యే నా పాత టొయోటా హైలక్స్ పికప్ బండికి స్నార్కెల్ నేనే ఇంటి దగ్గర బిగించాను. గోళ్ల అంచున సిలికాన్ జిగురు ఇంకా వదల్లేదు. అన్నీ గుర్తున్నప్పుడే రాస్తే నీకు పనికొస్తుందని కూర్చున్నాను. ఉత్తరం పొడుగవుతుంది, తీరిక చేసుకుని చదువు.

ముందు ఇంజిన్ సంగతి చెబుతాను. నా బండిది మూడు లీటర్ల డీజిల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు. ఒక్కో సిలిండరులో పట్టేది సుమారు 745 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి, అంటే లోపలి గాలి ఎన్నో వంతుకు నలుగుతుందో చెప్పే అంకె, 17.9. లెక్క వేస్తే, పిస్టన్ పైకొచ్చేసరికి లోపలున్న గాలంతా దాదాపు 44 మిల్లీలీటర్ల చోటులోకి ఒదగాలి. గాలి ఒదుగుతుంది, నీరు ఒదగదు. మూడు పెద్ద చెంచాల నీరు లోపలికి వెళ్లిందంటే ఆ చోటు నిండిపోయినట్టే. పిస్టన్ ఇక పైకి రాలేకపోతుంది, మిగిలిన సిలిండర్లు దాన్ని తోయడం ఆపవు. మధ్యలో నలిగేది పిస్టన్ కింద దాన్ని తోసే కనెక్టింగ్ రాడ్. అది వంగిందంటే ఇంజిన్ విప్పాల్సిందే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని బండ్లు మునిగాయో నువ్వు నాకంటే దగ్గరగా చూశావు. నీళ్లలో నిలబడిపోయిన బండికి తాళం తిప్పి చూద్దామనుకోవడం ఎంత ప్రమాదమో ఈ మూడు చెంచాల లెక్కే చెబుతుంది.

మామూలుగా బండి గాలి పీల్చుకునేది హెడ్‌లైటు వెనుక, ఫెండర్ రేకు (ముందు చక్రం పైన ఉండే రేకు) చాటు నుంచి. అంటే బానెట్ ఎత్తు కూడా ఉండదు. వాగులో కాస్త వేగంగా దిగావంటే ముందు లేచే అల అక్కడిదాకా కొడుతుంది. స్నార్కెల్ ఆ నోటిని పైకప్పు ఎత్తుకు తీసుకువెళుతుంది. అంతకు మించి అందులో మంత్రమేమీ లేదు.

అయితే బావా, నీకు దాని అవసరం నీళ్ల కోసం కంటే దుమ్ము కోసమే ఎక్కువ. వాగులో దిగేది ఏడాదికి ఎప్పుడో ఒకసారి. చీమకుర్తి క్వారీల దారిలో టిప్పర్ల వెనుక రోజూ తిరుగుతావు. గ్రానైట్ పొడి మామూలు మట్టి లాంటిది కాదు, గట్టి రేణువులు. ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది. ఏ మూలనో సందు దొరికి లోపలికి జారితే ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో రెక్కలను, సిలిండరు గోడలను గీకేస్తుంది. టైర్లు లేపే దుమ్ములో బరువైన భాగం నేలకు దగ్గరగానే ఉంటుంది, పైకప్పు దగ్గర గాలి కొంత శుభ్రం. టిప్పర్‌కు మరీ దగ్గరగా వెనుకే వెళితే ఆ ఎత్తులోనూ దుమ్మే ఉంటుంది, అది ఒప్పుకోవాలి. అటువంటి చోట గొట్టం పైన మామూలు మూతి తీసేసి, గాలిని సుడి తిప్పి దుమ్మును పక్కకు విసిరేసే సైక్లోన్ మూతి పెట్టుకుంటారు. ఇక్కడ క్వీన్స్‌ల్యాండ్ ఉత్తరపు కొసన ఉన్న కేప్ యార్క్ వైపు వెళ్లే మట్టి రోడ్లలో బుల్ డస్ట్ అంటారు, పిండిలాంటి మెత్తటి దుమ్ము, గుంతలను పైదాకా కప్పేసి కనపడనివ్వదు. అక్కడ తిరిగేవాళ్లు స్నార్కెల్‌ను వాగుల కోసం ఎంత తలచుకుంటారో దుమ్ము కోసం అంతకంటే ఎక్కువ తలచుకుంటారు. నాకైతే అదే పెద్ద కారణం.

స్నార్కెల్‌తో బండికి బలం పెరుగుతుందనీ, మైలేజీ వస్తుందనీ ఎవరైనా చెబితే నమ్మకు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఆ మూతిలో పెంచే ఒత్తిడి వాతావరణ పీడనంలో అర శాతం కూడా ఉండదు.

ఇక కొనడం. బజారులో మూడు రకాలు దొరుకుతాయి. కేవలం అందం కోసం పైన అతికించేవి, లోపలికి దారే లేనివి, ఒక రకం. వాటి జోలికి వెళ్లవద్దు. చవకగా దొరికే నకళ్లు రెండో రకం. చూపులకు అసలు దానిలాగే ఉంటాయి, కానీ రెండు ముక్కలు కలిపిన చోట అతుకు సరిగ్గా ఉండదు, ఎండకు పెళుసెక్కుతాయి. మూడోది నీ బండి మోడలుకే అచ్చుపోసిన, ఎండను తట్టుకునే పాలిథిలీన్ గొట్టం. గొట్టం లోపలి వ్యాసం కూడా చూసుకో. నా ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగే వేగం దగ్గర, టర్బో సంగతి పక్కన పెట్టినా, నిమిషానికి నాలుగున్నర వేల లీటర్ల గాలి తీసుకుంటుంది. సన్నటి గొట్టం పెడితే బండికి ఊపిరాడదు.

పని విషయానికొస్తే, బిగించడం కంటే కొలవడానికే ఎక్కువ సమయం ఇచ్చాను. ముందు బ్యాటరీ తీగ తీసేసి, ముందు చక్రం విప్పి, చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనర్ క్లిప్పులు ఒక్కొక్కటిగా ఊడదీశాను. లోపల పాత గాలి గొట్టం కనిపిస్తుంది, అది బయటికొచ్చేయాలి. తరువాత ఫెండర్ రేకు మీద మొత్తం మాస్కింగ్ టేపు పరిచి, కిట్‌తో వచ్చిన కాగితపు అచ్చును దాని మీద అతికించాను. ఇక్కడ తొందరపడకూడదు బావా. కాగితం తేమకు సాగుతుంది, వంపు మీద జరుగుతుంది. అందుకే అచ్చును నమ్మి ఊరుకోకుండా స్నార్కెల్‌నే బండికి ఆనించి, ముందు అద్దం పక్కనుండే పిల్లర్ స్తంభంతో, బానెట్ గీతతో సరిపోతోందా అని దూరం నుంచి, దగ్గర నుంచి చూశాను. నీ చెల్లెలు ఒక పక్క గొట్టం పట్టుకుని నిలబడింది. వెనక్కి వెళ్లి చూసి "పై భాగం ఒక వేలెడు బయటికి వాలుతోంది" అని ఆమె చెప్పాకే సరైన గుర్తులు పెట్టాను. ఆమె కన్ను అంత ఖచ్చితం.

స్నార్కెల్ వెనుక ఉండే బోల్టు బొడిపెల కోసం చిన్న రంధ్రాలు, గాలి వెళ్లడానికి పెద్ద రంధ్రం. ప్రతి గుర్తు మీద పంచ్‌తో చిన్న గుంట కొట్టి, ముందు సన్న బిట్‌తో మొదలుపెట్టాలి. లేకపోతే డ్రిల్లు రేకు మీద జారి రంగును గీస్తుంది. పెద్ద రంధ్రానికి హోల్ సా, అంటే డ్రిల్లుకు తగిలించే గుండ్రటి రంపం, వాడాను, నెమ్మదైన వేగంలో, నొక్కి పట్టకుండా. రేకు వెనుక ఏముందో చేత్తో తడిమి చూడకుండా డ్రిల్లు పెట్టవద్దు, కొన్ని బండ్లలో తీగల కట్ట అక్కడే వెళుతుంది. కంటికి అద్దాలు తప్పనిసరి. ఇనుప రజను తెల్లారేసరికి తుప్పు మరకలవుతుంది కాబట్టి అప్పటికప్పుడే తుడిచెయ్యాలి. కోసిన అంచులను ఆకురాయితో నునుపు చేసి, ప్రైమరు, దాని మీద రంగు వేసి, పూర్తిగా ఆరేదాకా ఆగాను. చాలామంది ఈ పని వదిలేస్తారు. పై నుంచి కనబడదు కదా అని. కానీ నీరు ఎప్పుడూ నిలిచేది ఆ అంచు దగ్గరే, రేకు తినడం మొదలయ్యేది అక్కడే. మన ఒంగోలు సముద్రపు గాలికి అయితే ఇంకా త్వరగా.

పిల్లర్ దగ్గర బ్రాకెట్ బిగించడానికి పొట్టి స్క్రూలు, కిట్‌లో ఇచ్చినవే వాడాలి. కొత్త బండ్లలో పిల్లర్ లోపల పక్క కిటికీలకు అడ్డంగా విచ్చుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగుకు సంబంధించిన భాగాలు ఉండవచ్చు. నీ బండికి ఏముందో మాన్యువల్‌లో చూసుకున్నాకే అక్కడ డ్రిల్లు పెట్టు.

ఇప్పుడు నేను నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది. బయట కనిపించే గొట్టం అందానికి, ఎత్తుకు. బండిని కాపాడేది రేకు లోపల ఎవరికీ కనిపించని అతుకులు. గొట్టం నుంచి ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాకా, ఆ డబ్బా మూత దగ్గర, అక్కడి నుంచి టర్బో దాకా ఒక్కచోట కూడా గాలి దూరే సందు ఉండకూడదు. కొబ్బరిబోండాంలో పెట్టిన స్ట్రాకు మధ్యలో చిల్లు పడితే ఏమవుతుందో తెలుసు కదా, ఇదీ అంతే. ఇంజిన్ దగ్గరి దారినే పీలుస్తుంది. ఆ సందు నీటిలో ఉంటే నీటినే పీలుస్తుంది. అందుకే ప్రతి కలయిక దగ్గర సిలికాన్ పూసి, రెండు వైపులా క్లాంపులు బిగించి, ఆరేదాకా ఇంజిన్ ముట్టుకోలేదు. ఫిల్టర్ డబ్బా మూత రబ్బరును కడిగి, చీలిక లేదని చూసుకుని తిరిగి కూర్చోబెట్టాను.

చాలా బండ్లకు ఆ డబ్బా అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. వాన నీరు కారిపోవడానికి పెట్టింది. నీటిలో దిగినప్పుడు అదే శత్రువవుతుంది. దాన్ని పూర్తిగా మూసెయ్యాలా వద్దా అని వాదించుకునేవాళ్లున్నారు. మూసేస్తే వానలో గొట్టం నుంచి దిగిన చుక్కలు అక్కడే నిలుస్తాయి. నా మొగ్గు బయటికి మాత్రమే తెరుచుకునే రబ్బరు వాల్వు వైపు. దాన్నే పెట్టి, ముడుచుకుపోకుండా ఉందా అని అప్పుడప్పుడు చూస్తుంటాను. మూతిని ముందుకే తిప్పి పెట్టాను. దాని వెనుక సన్నటి చీలికలుంటాయి, వేగంగా వచ్చే గాలితో పాటు దూసుకొచ్చిన చినుకులు గోడకు తగిలి అందులోంచి బయటికి పోతాయి. వాటిని దుమ్ము మూసేయకుండా చూసుకోవాలి.

అన్నీ అయ్యాక పరీక్ష. ఇంజిన్‌ను ఐడిల్‌లో నడపనిచ్చి, పైన మూతిని చదునైన చెక్కపలకతో మూశాను. చేయి పెట్టవద్దు, లాగుడు గట్టిగా ఉంటుంది. అతుకులు బిగువుగా ఉంటే ఇంజిన్ తడబడి, కొన్ని క్షణాల్లోనే ఆగిపోతుంది. ఆగకుండా నడుస్తూనే ఉందంటే ఎక్కడో సందు ఉంది, చెవి పెడితే సుయ్‌మనే శబ్దం వినిపిస్తుంది. నా బండి ఆగిపోయింది. ఇంజిన్ ఆగిపోతే అంత ఆనందపడడం అదే మొదటిసారి! ఇద్దరం చప్పట్లు కొట్టాం.

కానీ బావా, ఇది పెట్టాక బండి పడవ అయిపోలేదు. థార్‌కు కంపెనీ చెప్పిన నీటి లోతు 650 మిల్లీమీటర్లు. స్నార్కెల్ పెట్టినంత మాత్రాన ఆ అంకె మారదు. ఎందుకంటే ఆ లోతు దాటితే ఇబ్బంది పెట్టేవి ఇంకా చాలా ఉన్నాయి. బాగా వేడెక్కిన డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) చల్లటి నీటిలో మునగగానే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ అనే చిన్న గాలి రంధ్రం నుంచి, సీళ్ల నుంచి నీటిని లాక్కుంటుంది. నూనె పాలలా తెల్లగా మారుతుంది. అందుకే బ్రీదర్లకు సన్న గొట్టాలు తగిలించి ఇంజిన్ గదిలో పైదాకా తెచ్చి కట్టుకోవాలి. ఇది స్నార్కెల్ కంటే చవక, నా దృష్టిలో దానికంటే ముందు చేయాల్సిన పని. నీటిలో తిరిగే ఫ్యాను రెక్కలు ముందుకు వంగి రేడియేటర్‌ను తాకవచ్చు. అన్నిటికంటే మించి, ఒక ఎత్తు దాటాక బండి తేలుతుంది. చక్రాలకు పట్టు పోతుంది. అప్పుడు స్టీరింగ్ నీ చేతిలో ఉన్నా బండిని నడిపేది ప్రవాహమే. ఇక్కడి ప్రభుత్వం వరద ఉన్న దారిని మరిచిపొమ్మని పదేపదే ప్రచారం చేస్తుంది. వరద నీటిలో కొట్టుకుపోయిన వాళ్లకు పెద్ద బండ్లు కూడా ఉండేవి.

కేప్ యార్క్‌లో ఓల్డ్ టెలిగ్రాఫ్ ట్రాక్ అని ఉంది, పాత తంతి లైను వెంట సాగే దారి. దాని ఉత్తరపు కొసన నోలన్స్ బ్రూక్ అనే వాగులో ఎన్నో బండ్లు మునిగాయి, వాటిలో స్నార్కెల్ ఉన్నవీ ఉన్నాయి. వాన కాలం వెళ్లాక మేమూ అటు వెళ్లాలనుకుంటున్నాం. లోతు ముందు నడిచి చూసుకోవాలంటారు, కానీ ఇక్కడి నీళ్లలో మొసళ్లు ఉంటాయి కాబట్టి ప్రతిచోటా దిగలేం. నువ్వు మాత్రం మారేడుమిల్లిలో అటువంటి భయం లేదని అక్కడివాళ్లను అడిగి తెలుసుకుని, కర్ర పట్టుకుని దిగి, అడుగున రాళ్లు, గుంతలు చూసుకున్నాకే బండి దించు. ఎగువన వాన కురిస్తే ఆ రోజు దిగవద్దు.

ఇంకో సంగతి, నీ వైపు చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా మార్చిన బండ్ల విషయంలో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కఠినంగానే చెప్పింది. ఫోర్స్ గూర్ఖాకు కంపెనీ నుంచే స్నార్కెల్ వస్తుంది, దానికి చిక్కు లేదు. నీ థార్‌కు బయట పెట్టించాలంటే ముందు ఆర్టీఓ కార్యాలయంలో, ఆ తరువాత బీమా వాళ్లను అడిగి, జవాబు కాగితం మీద తీసుకో. బీమాలో ఇంజిన్ రక్షణ అదనపు కవరు ఉందో లేదో కూడా అప్పుడే చూడు. మామూలు పాలసీలో ఇంజిన్‌లోకి నీరు చేరి జరిగిన నష్టం చాలాసార్లు రాదు. వారంటీ గురించి షోరూములో కూడా అడుగు, కొత్త బండి కదా.

అవన్నీ సరే అన్నాక, బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఏ పక్క ఉందో, దాని నుంచి గొట్టం ఎటు వెళుతోందో, అడుగున రంధ్రం ఉందో లేదో ఫొటోలు తీసి పంపు. చక్రం పైనున్న లైనర్ విప్పి లోపలివి కూడా తీయి. అవి చూసి ఏ కిట్ సరిపోతుందో ఇద్దరం కలిసి తేలుద్దాం. అప్పటిదాకా ఎవరినీ రేకు మీద డ్రిల్లు పెట్టనివ్వకు. ఈలోగా బ్రీదర్ గొట్టాల పని మొదలుపెట్టించు, దానికి ఎవరి అనుమతీ అడగాల్సిన అవసరం ఉండదనుకుంటాను, షోరూము వాళ్లకు ఒక మాట చెబితే చాలు.

అక్కను, పిల్లలను మేం అడిగినట్లు చెప్పు.

నీ
కెయిర్న్స్ మిత్రుడు