పాఠకుల విభాగం వార్షిక నివేదిక – 2025

గౌరవ సభ్యులకు నమస్కారం.

మన తెలుగు సంఘం ముగ్గుల పోటీకి ఫొటోలుంటాయి, ఉగాది కవి సమ్మేళనానికి వీడియో ఉంటుంది. మా విభాగానికి అవేవీ ఉండవు. అందుకే ఏడాదంతా మీరేం చేశారని సర్వసభ్య సమావేశంలో ఎవరో ఒకరు అడగడం ఆనవాయితీ అయిపోయింది. ఈసారి అడక్కముందే చెప్పేస్తున్నాం.

2025లో పాత అమెరికన్ నవలలు చదివాం. కాలిఫోర్నియా బే ఏరియాలో ఇన్నేళ్ళుగా ఉంటున్నా ఈ దేశపు కథలను పిల్లల హోంవర్కులో తప్ప చూడలేదన్న మాట కార్యవర్గంలో వచ్చింది. స్నేహం, ఒంటరితనం, నమ్మిన మనిషిని వదలకపోవడం ఉన్న పుస్తకాలు ఏరుకున్నాం. శనివారం సాయంత్రం జరిగే సమావేశాన్ని పనిరోజు మధ్యాహ్నానికి మార్చాం. కొడుకూ కోడలూ ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి వెళ్ళాక కారు నడపడం రాక ఇంట్లోనే కూర్చునే అమ్మానాన్నల కోసం ఈ మార్పు. ఉద్యోగస్తులు జూమ్‌లో కలిశారు. చర్చంతా తెలుగులోనే, ముఖ్యమైన భాగాలను అక్కడికక్కడే తెలుగులో చెప్పుకున్నాం.

ఎక్కువ కాలం పట్టింది 1937లో అచ్చయిన స్టైన్‌బెక్ నవల 'ఆఫ్ మైస్ అండ్ మెన్'కి. పేజీలు తక్కువే, మాటలే తెగలేదు. జార్జ్, లెనీ ఊరూరా తిరిగి పొలం పనులు చేసుకునే కూలీలు. లెనీకి ఏనుగంత బలం, పసిపిల్లవాడి బుద్ధి. అతన్ని సాకిన క్లారా అత్త పోయాక జార్జ్ వెంట వచ్చేశాడు. ఇద్దరు మగవాళ్ళు కలిసి తిరగడమే అక్కడ వింత. కొత్త యజమాని అయితే జార్జ్ ఇతని జీతం కాజేస్తున్నాడేమోనని అనుమానిస్తాడు. మన కథల్లో మనిషి కష్టంలో పడితే ముందు మేనమామో, బావమరిదో, పెద్దమ్మో వస్తారు. ఆ తర్వాతే స్నేహితుడు. ఈ నవలల్లో చుట్టాలుండరు, ఉన్నా అక్కరకు రారు. చుట్టాలు చెయ్యాల్సిందంతా స్నేహితుడే చెయ్యాలి. ఈ ఏడాది చదువులో మాకు గట్టిగా తగిలిన సంగతి ఇదే.

మా పెద్దవాళ్ళు జార్జ్‌నీ లెనీనీ పక్కన పెట్టి క్యాండీని పట్టుకున్నారు. చెయ్యి పోయిన ముసలి పనివాడు, కూలీల కొట్టం ఊడుస్తుంటాడు. అతని కుక్క ముసలిది, గుడ్డిది, కంపు కొడుతోంది. కాల్చేస్తానని తోటి కూలీ కార్ల్‌సన్ అంటాడు. క్యాండీ ఆ మొహం వైపూ ఈ మొహం వైపూ చూస్తాడు, ఎవరైనా వద్దంటారేమోనని. ఎవరూ అనరు. కార్ల్‌సన్ కుక్కని బయటికి తీసుకెళ్తాడు. ఇక కొట్టంలో ఎవరికీ మాట రాదు. జార్జ్ పేకముక్కలు కలుపుతుంటాడు, నేల కింద ఏదో కొరుకుతున్న చప్పుడు, క్యాండీ పైకప్పు కేసి చూస్తూ పడుకుని ఉంటాడు. తుపాకీ పేలుతుంది. క్యాండీ మెల్లగా గోడవైపు తిరుగుతాడు. ఈ భాగం చదివిన రోజు మా సమావేశం మామూలు కంటే ఆలస్యంగా ముగిసింది. ఆ కుక్కని పరాయివాడి చేత కాల్చనివ్వకుండా ఉండాల్సిందని క్యాండీ తర్వాత జార్జ్‌తో అంటాడు. చివర్లో నది ఒడ్డున జార్జ్ లెనీని కాల్చేది కార్ల్‌సన్ లూగర్ పిస్తోలుతోనే. అతను చేసింది విధేయతా, హత్యా అన్న వాదం ఇంకా తేలలేదు. హత్యేనని పట్టుబట్టిన పెద్దాయన ఇండియా వెళ్ళిపోయాక కూడా వాట్సాప్‌లో వాదిస్తున్నారు.

ఇదే నవలలో క్రుక్స్ అనే నల్లవాడు గుర్రాల కొట్టం పక్కన విడిగా ఉంటాడు. తెల్లవాళ్ళ కొట్టంలోకి అతనికి ప్రవేశం లేదు. గదిలో మందుసీసాలు, చినిగిన నిఘంటువు, 1905 నాటి కాలిఫోర్నియా సివిల్ కోడ్ ప్రతి ఒకటి ఉంటాయి. గడప దాటి రానివ్వనివాడికి చట్టం రాసిచ్చిన హక్కులేమిటో చదువుకునే మనిషి! క్యాండీ అన్నేళ్ళుగా అక్కడ ఉన్నా ఆ గదిలోకి రావడం అదే మొదటిసారి. మన ఊళ్ళలో వాడల సంగతి తెలిసినవాళ్ళు దీనిమీద పెద్దగా వివరణ అడగలేదు.

సెలినస్ యాత్ర

శాన్ హోసే నుంచి 101 హైవే మీద సుమారు 60 మైళ్ళు. స్టైన్‌బెక్ 1902లో పుట్టిన ఊరు అదే. కుర్రతనంలో స్ప్రెకెల్స్ చక్కెర కంపెనీ పొలాల్లో పనిచేశాడు కాబట్టి కూలీల మాటతీరు అతనికి చెప్పుడు సంగతి కాదు. నేషనల్ స్టైన్‌బెక్ సెంటర్ చూశాం, అతని చితాభస్మం ఉన్న శ్మశానానికి వెళ్ళాం. ఈ నవల చిత్తుప్రతిలో సగం దాకా అతని కుక్కపిల్ల టోబీ నమిలేసిందన్న సంగతి పిల్లలకి మిగతా అన్నిటికంటే నచ్చింది. దారి పొడుగునా లెట్యూస్ పొలాల్లో వంగి కోస్తున్న కూలీలు కనిపించారు. వాళ్ళలో ఎక్కువమంది మెక్సికో మూలాలవాళ్ళే. బస్సు సెంటర్ ముందు ఆగేసరికి పులిహోర డబ్బాలు సగం ఖాళీ. వచ్చే యాత్రకి భోజన ఉపసంఘం లెక్క పెంచాలని మనవి.

మార్క్ ట్వేన్ 'హకల్‌బెరీ ఫిన్'ని చాలామంది పెద్దలు నండూరి రామమోహనరావు గారి తెలుగులో చిన్నప్పుడే చదివారు. అప్పట్లో అది తెప్ప మీద సాహసయాత్ర. ఇప్పుడు ఆగిపోయింది పొగమంచు దగ్గర. మంచులో హక్ అనే తెల్లపిల్లాడి పడవ, పారిపోతున్న బానిస జిమ్ ఉన్న తెప్పకి దూరమైపోతుంది. రాత్రంతా పిలిచి పిలిచి, హక్ పోయాడనుకుని ఏడ్చి నిద్రపోతాడు జిమ్. హక్ తిరిగొచ్చి, అదంతా నీ కలేనని ఆట పట్టిస్తాడు. తెప్ప మీద రాలిన ఆకులు, చెత్త, విరిగిన తెడ్డు చూశాక జిమ్‌కి అర్థమవుతుంది. స్నేహితుడి నెత్తిన మట్టి పోసి సిగ్గుపడేలా చేసేవాళ్ళే చెత్త అంటాడు. వెళ్ళి క్షమించమని అడగడానికి మనసు ఒప్పించుకోడానికి హక్‌కి పావుగంట పడుతుంది. బానిసకి తెల్లపిల్లాడు తల వంచడం అంటే ఆ కాలంలో మాటలు కాదు. తర్వాత జిమ్‌ని పట్టించే ఉత్తరం చింపేసి, నరకానికి పోతే పోతానని హక్ అనడాన్ని అందరూ చెబుతారు. మాకైతే ఆ పావుగంటే పెద్దది. నవలలో మాటిమాటికీ వచ్చే, నల్లవాళ్ళను కించపరిచే మాట గురించి హైస్కూలు పిల్లలు తమ అభ్యంతరం చెప్పారు, అది న్యాయమే. గట్టిగా చదివేటప్పుడు దాన్ని వదిలేశాం.

ఫిట్జ్‌జెరాల్డ్ నవల 'ద గ్రేట్ గాట్స్‌బీ' 1925 ఏప్రిల్ 10న వచ్చింది కాబట్టి నూరేళ్ళ సందర్భంగా ఏప్రిల్‌లోనే చదివాం. ధనవంతుడు గాట్స్‌బీ ఇచ్చే విందుల గొడవ తొందరగా దాటేసి అతని అంత్యక్రియల దగ్గర కూర్చున్నాం. వందల మంది తిని తాగిన ఆ ఇంటి నుంచి శవం వెళ్తుంటే కథ చెప్పే నిక్, గాట్స్‌బీ తండ్రి, పాదిరీ, నలుగురైదుగురు పనివాళ్ళు, పోస్ట్‌మాన్, ఆఖర్న కళ్ళద్దాల మనిషి ఒకడు. అతను ప్రేమించిన డైసీ దగ్గర్నుంచి పువ్వు కూడా రాదు. ఆ ఇంట్లోనే తిష్ట వేసిన క్లిప్‌స్ప్రింగర్ ఫోన్ చేస్తే వస్తాడేమో అనుకుంటాం. అక్కడ మర్చిపోయిన టెన్నిస్ బూట్లు పంపమని అడగడానికి చేశాడు!

కార్సన్ మెక్‌కలర్స్ తన 23 ఏళ్ళ వయసులో, 1940లో అచ్చువేయించిన నవల 'ద హార్ట్ ఈజ్ ఎ లోన్లీ హంటర్' కొందరికి నచ్చింది, కొందరు మధ్యలో వదిలేశారు. చెవిటి, మూగ అయిన సింగర్ గదికి నలుగురు విడివిడిగా వచ్చి మనసు విప్పుకుంటారు. ఒకరోజు నలుగురూ ఒకేసారి వస్తే ఒకరితో ఒకరికి మాట కలవదు, అందరూ అతనికేసే చూసి మాట్లాడతారు. మన విందుల్లో ఇలాంటివి చూడలేదని ఎవరైనా అంటే నమ్మను.

చదువు వల్ల పెరిగిన పని

గాట్స్‌బీ చర్చ రోజున ఒక అమ్మగారు, "ఇక్కడ మనవాళ్ళలో ఒంటిగా ఉన్నవాళ్ళకి ఏదైనా అయితే ఎవరికి కబురెళ్తుంది బాబూ?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. కార్యవర్గం ఆమోదంతో పలకరింపు జాబితా ఒకటి మొదలుపెట్టాం. ఒంటరిగా ఉంటున్న విద్యార్థులు, ఉద్యోగస్తులు, పగలంతా ఇంట్లో ఉండే పెద్దలు ఇష్టమైతే పేరిస్తారు, వారానికోసారి ఒక సభ్యుడు ఫోన్ చేస్తాడు. ఇండియాలో కబురు చెప్పాల్సినవాళ్ళ నంబరు కార్యదర్శి దగ్గర భద్రంగా ఉంటుంది. పేరిచ్చినవాళ్ళు చాలామందే, ఫోన్ చేస్తామన్నవాళ్ళే తక్కువ. పండగలకి హాలు సరిపోనంత మంది వచ్చే సంఘంలో ఇది బాగాలేదు.

జమాఖర్చుల పట్టీ విడిగా జతచేశాం. బస్సు అద్దె, పుస్తకాలు తప్ప పెద్ద ఖర్చు లేదు. వచ్చే ఏడాదికి మెల్విల్ నవల 'మోబీ డిక్' ప్రతిపాదన ఉంది. లావు చూసి భయపడ్డవాళ్ళ కోసం ఇష్మాయిల్, క్వీక్వెగ్ ఒకే మంచం మీద పడుకోవాల్సి వచ్చే సత్రం అధ్యాయాలతో మొదలుపెడతాం. పలకరింపు జాబితాకి ఫోన్ చేసేవాళ్ళు కావాలి. ఈ సర్వసభ్య సమావేశంలో పుస్తకాల బల్ల దగ్గర పేర్లు నమోదు చేసుకుంటాం. తీసుకెళ్ళిన స్టైన్‌బెక్ ప్రతులు కూడా అక్కడే తిరిగి ఇవ్వగలరు.

పాఠకుల విభాగం తరఫున,
కార్యదర్శి