మెషిన్ కస్టమర్ చేతికివ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను 2011 నుంచి తెనాలిలో ఒక బట్టల షాపులో క్యాష్ కౌంటర్ మీద పనిచేస్తున్నాను. శ్రావణమాసం రద్దీలో ఒకరోజు, వెనకాల పదిహేనుమంది నిలబడి ఉండగా, ఒక మామ్మగారు కార్డు నా చేతిలో పెట్టి "నాకు కొట్టడం రాదమ్మా, నువ్వే కొట్టు" అంటూ పిన్ నంబరు పైకి చెప్పేశారు. లైన్లో ఉన్నవాళ్లంతా విన్నారు. ఇలా చెప్పేవాళ్లు రోజుకి నలుగురైదుగురు ఉంటారు. కొందరు కార్డు పెట్టుకునే కాగితం కవరు మీదే బాల్‌పెన్నుతో రాసి తెస్తారు. 19తో మొదలయ్యే పిన్‌లు ఎన్ని విన్నానో లెక్కలేదు. అన్నీ పుట్టిన సంవత్సరాలో, పెళ్లయిన సంవత్సరాలో.

నేను చేరిన కొత్తలో డెబిట్ కార్డు గీకి, స్లిప్ మీద సంతకం చేయించుకునేవాళ్లం. దాన్ని కార్డు వెనకాల సంతకంతో పోల్చి చూడాలి. పండగ రద్దీలో నేను ఒక్కసారీ చూడలేదు. 2013 డిసెంబరు 1 నుంచి షాపుల్లో డెబిట్ కార్డుకి పిన్ తప్పనిసరి అయింది. వెనకాల నల్లపట్టీ మాత్రమే ఉన్న కార్డులు తీసేసి చిప్ కార్డులివ్వాలని రిజర్వు బ్యాంకు 2018 ఆఖరుకి గడువు పెట్టింది. పట్టీలో ఉండేది ఎప్పుడూ ఒకే సమాచారం, కాపీ కొట్టడం తేలిక. చిప్ అయితే ప్రతి బిల్లుకీ కొత్త కోడ్ తయారు చేస్తుంది. ఇంత జాగ్రత్తగా చేసిన ఏర్పాటుని మేం కౌంటర్ల దగ్గర రోజూ పాడుచేస్తున్నాం. అందుకే ఈ ఉత్తరం.

మా మామగారికి జరిగింది చెప్తాను. రెండేళ్ల కిందట పెన్షన్ డబ్బు తీసుకోవడానికి ఏటీఎంకి వెళ్లారు. కార్డు సరిగా పట్టకపోతే వెనకున్న కుర్రాడు "ఇటివ్వండి బాబాయిగారూ" అని సాయం చేశాడు. పిన్ కొట్టేటప్పుడూ పక్కనే నిలబడ్డాడు. డబ్బు వచ్చింది, కార్డు తీసి చేతికిచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే అదే బ్యాంకు, అదే రంగు, పేరు మాత్రం వేరేవాళ్లది! మేం ఫోన్ చేసేలోపే రెండుసార్లుగా 20 వేలు తీసేశారు. బ్యాంకుకి వెళ్తే "సరైన పిన్ కొట్టి తీశారు, మేమేం చేయలేం" అన్నారు. ఆయన మళ్లీ ఆ మెషిన్ దగ్గరికి వెళ్లలేదు. ఇప్పటికీ విత్‌డ్రాయల్ ఫారం రాసి లైన్లో నిలబడతారు.

ఆ తర్వాత నాకు తెలిసిందేమిటంటే, 2017 జులైలో రిజర్వు బ్యాంకు దీనికి రూల్స్ పెట్టింది. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మోసం జరిగితే, మెసేజ్ వచ్చాక మూడు పనిదినాల్లోపు చెప్తే నష్టం మన మీద పడదు. మన అజాగ్రత్త వల్ల పోతే మాత్రం, బ్యాంకుకి చెప్పేదాకా పోయిన డబ్బంతా మనదే. తప్పు కస్టమర్‌దేనని నిరూపించాల్సింది బ్యాంకే. అప్పట్లో మాకు ఇది తెలియక గట్టిగా అడగలేకపోయాం. రేపు ఆ మామ్మగారి డబ్బు పోతే బ్యాంకువాళ్లు మొదట అడిగేది "పిన్ ఎవరికైనా చెప్పారా?" అనే. "షాపులో చెప్పాను" అంటారావిడ. ఇంక ఆవిడ తరఫున ఎవరు మాట్లాడతారు?

పెద్దవాళ్లను తప్పుపట్టలేను. షాపులో కార్డు మెషిన్ మావైపు తిరిగి ఉంటుంది, వైరు వాళ్లదాకా రాదు, అంకెలు అరిగిపోయి ఉంటాయి. మూడుసార్లు తప్పు కొడితే కార్డు బ్లాక్ అవుతుందని ఒక భయం, వెనకాల జనం తొందరపెడుతున్నారని టెన్షన్. చెప్పేస్తే పని అయిపోతుంది. నేనూ ఏళ్ల తరబడి వాళ్ల పిన్‌లు కొట్టిపెట్టాను. మామగారి సంగతి జరిగాక మానేశాను. ఇప్పుడేం చేస్తున్నానంటే, మెషిన్ మీద 5 అంకె దగ్గర చిన్న బొడిపె ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. మామ్మగారి వేలు దాని మీద పెట్టి "ఇది అయిదు. పైన రెండు, కింద ఎనిమిది, ఇటు నాలుగు, అటు ఆరు" అని చెప్పి నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. రెండోసారికి సరిగ్గా కొట్టారు. పిన్ అందరూ విన్నారు కాబట్టి ఇవాళే మార్చుకోమని కూడా చెప్పాను.

ఇంకొకటి. మా కౌంటర్ పైన సీసీ కెమెరా ఉంది. ఒకసారి ఏదో తగాదా వచ్చి రికార్డింగ్ చూస్తే, కస్టమర్ వేళ్లు ఏ అంకె మీద పడుతున్నాయో స్పష్టంగా కనిపించింది. మా ఓనరుగారికి చూపించగానే ఆ రోజే పక్కకి తిప్పించారు. ప్రతి షాపువాళ్లూ ఒకసారి తమ కెమెరా ఎటు చూస్తోందో చూసుకోవాలి.

మెషిన్‌కి తాకిస్తే చాలు, డబ్బు కట్టయ్యే ట్యాప్ కార్డుల సంగతీ చాలామందికి తెలియదు. 2021 జనవరి 1 నుంచి 5,000 రూపాయల దాకా పిన్ లేకుండానే పోతుంది. 3,450 బిల్లుకి కార్డు అలా తాకించగానే డబ్బు కట్టయిపోతే ఒకావిడ కంగారుపడిపోయారు. ఎప్పుడో వాళ్లబ్బాయి ఫోన్లో ఆన్ చేశాడట. దాన్ని ఆపుకోవడానికీ, పరిమితి తగ్గించుకోవడానికీ బ్యాంకు యాప్‌లోనే వీలుంటుంది. విదేశాల్లో వాడకం కూడా అక్కడే ఆపేసుకోవచ్చు. ఆ దేశాల వెబ్‌సైట్లు చాలావరకు ఓటీపీ అడగవు, కార్డు మీదున్న నంబర్లు ఉంటే చాలు.

బ్యాంకులకు నా మనవి ఒకటే. కార్డు చేతికిచ్చే రోజున ఆ పెద్దాయనకో పెద్దావిడకో బ్రాంచిలోనే మెషిన్ ఇచ్చి, వాళ్ల వేలితో ఒకసారి పిన్ కొట్టించండి. అయిదు నిమిషాలు పడుతుంది. షాపులకు మెషిన్లు ఇచ్చేటప్పుడు కస్టమర్ చేతికి అందే వైరు ఇవ్వండి. మా మెషిన్‌కి పొడవు వైరు కావాలని మేం అడిగి నాలుగు నెలలైంది. దసరా సేల్ మొదలయ్యేలోపైనా ఇప్పించండి.

ఇట్లు,
ఒక బట్టల షాపు క్యాషియర్,
తెనాలి