సమ్మె రోజుల్లో మా ఇంటి పొయ్యి ఆరిపోకుండా చూసినవాళ్లకు

అందరికీ నమస్కారం. మాది నల్గొండ, రామగిరి. ప్రత్యేక తెలంగాణ కోసం చేస్తున్న సకల జనుల సమ్మెను సోమవారం ఉద్యోగ సంఘాలు వాయిదా వేశాయి. మంగళవారం మా వారు ఆఫీసుకు వెళ్లి సంతకం పెట్టి వచ్చారు. రేపో ఎల్లుండో అందరం మామూలు పనుల్లో పడిపోతాం, చెప్పాల్సిన మాట నోట్లోనే ఉండిపోతుంది. అందుకే దీపావళి పిండివంటలు కాసేపు పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. కొందరు ముందే వద్దన్నారు, మిగతావాళ్లు చదివాక కోప్పడే రకం. ఎవరి సంగతి వాళ్లకు తెలుస్తుంది.

ఈ 2011 సెప్టెంబరు 13 నుంచి అక్టోబరు 24 దాకా, 42 రోజులు. సమ్మె ఎందుకు చేశామో, దానితో ఢిల్లీ కదిలిందో లేదో రాయడానికి నాకంటే తెలిసినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నాకు తెలిసింది వంటింటి వైపు. సింగరేణిలో బొగ్గు తవ్వకం ఆగితే కరెంటు కోతలు పెరుగుతాయని పేపర్లు రాశాయి. కరెంటు పోతే పిండి గిర్ని ఆగుతుంది, గిర్ని ఆగితే ఇంట్లో జొన్నల బస్తా ఉన్నా రాత్రికి రొట్టె ఉండదు, ఆ రొట్టె లేకపోతే షుగరున్న మా అత్తమ్మ అన్నమే తినాలి. ఇంత దూరం ఏ పేపరూ రాయలేదు. మాకు చెప్పింది పక్కింటి అవ్వ.

కాబట్టి మొదటి దండం ఆమెకే. సమ్మె తప్పదన్న మాట వీధిలో వినపడగానే ఆమె మా గుమ్మంలో చతికిలబడి, "ఇంట్లో ఏమేమి ఉన్నాయో వరసగా చెప్పు" అంది. నేను బియ్యం, పప్పు, నూనె అని మొదలుపెట్టాను. "అవి అందరికీ గుర్తుంటాయి. అగ్గిపెట్టెలు చెప్పు. ఉప్పు చెప్పు. మిక్సీ తిరగని రోజున కారం దేంతో నూరుతావో చెప్పు" అంది. ఫిబ్రవరిలో సహాయ నిరాకరణ జరిగినప్పుడు కూడా ఇంతే, మేమంతా టీవీ ముందు కూర్చుంటే ఆమె చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది.

ఆ ముందుచూపు ఊరికే వచ్చింది కాదు. 1948లో నిజాం రాజ్యం మీదికి భారత సైన్యం వచ్చిన పోలీసు చర్య నాటికి ఆమెకు పది పన్నెండేళ్లు ఉంటాయి. లెవీ పేరుతో సర్కారు ధాన్యం తీసుకుపోవడం, నిజాం తరఫున ఆయుధాలు పట్టిన రజాకార్లు ఊళ్ల మీద పడటం చూసిన మనిషి. ఇంట్లో ధాన్యం పోసుకునే గుమ్మి కనిపిస్తే అది ఖాళీ అయినట్టే లెక్క. అందుకని వాళ్ల నాయన దొడ్లో పాతర తవ్వి, అడుగున గడ్డి పరిచి జొన్నలు పోసి, మట్టి కప్పి, పైన పెంటకుప్ప వేశాడట. పోలీసు చర్య మొదలైంది కూడా సెప్టెంబరు 13నే కదా అని మా వారు గుర్తు చేస్తే, "అయితే ఏటా ఆ తారీఖుకు ముందే పప్పు కొనుక్కోవాలి" అని నవ్వింది.

ఆమె దగ్గర నేర్చుకున్నది రాస్తే ఇంకెవరికైనా పనికొస్తుంది. కందిపప్పు ఎండబోసి, వేడి తగ్గాక అరచేతికి ఆముదం రాసుకుని పప్పంతా నలపాలి. పోసి కలిపితే జిడ్డవుతుంది, చేతికి అంటినంతే చాలు. బియ్యంలో వేపాకు వేయమని అందరూ చెబుతారు, కానీ పచ్చి ఆకు వేస్తే ఆ తేమకే బియ్యం ముక్కిపోతాయి. నీడన గలగలలాడేలా ఎండిన ఆకే వేయాలి. ఎండ కాసిన పూటల్లో టమాటాలు, వంకాయలు కోసి ఉప్పు చల్లి వరుగులు పెట్టించింది. సమ్మె మొదలయ్యాక రోజూ వచ్చి వంటింట్లోకి తొంగి చూసేది, పాడయ్యేది ముందు వండుతున్నానా, నిలవుండేది వెనక్కి పెడుతున్నానా అని. కూరగాయలు ఉండగా పప్పు పొయ్యి మీద కనిపిస్తే మా అత్తమ్మకు కూడా చీవాట్లే.

ఇక విసుర్రాయి. జొన్నపిండి ఎక్కువ రోజులు నిలవ ఉండదు, చేదెక్కుతుంది. గింజలుగా ఉంచుకుంటే గిర్ని కావాలి. గిర్నికి కరెంటు కావాలి. అవ్వ ఇంటి వెనక, బొగ్గుల బస్తా కింద, వాళ్ల అత్తగారి నాటి విసుర్రాయి పడి ఉంది. ఇద్దరు పిల్లల చేత బయటికి దొర్లించి, కడిగించి, గంట్లు అరిగిపోయాయని ఉలి పట్టుకుని తనే కూర్చుని రాయి కొట్టుకుంది. మొదటి గుప్పెడు పిండి పారబోయించింది, రాతి పొడి ఉంటుందని. ఆ తర్వాత మా వీధిలో సగం ఇళ్ల పిండి దాని మీదే. పుస్తకం పట్టుకుని తిరిగే ఇంటర్ పిల్లలు కూడా కాలేజీలు లేక వచ్చి వంతులు వేసుకుని విసిరారు. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్దలకు రొట్టెలు ఆ పిండితోనే చేశాం. అవ్వా, ఆ రోజు నీకు ఇచ్చిన మలీదలో బెల్లం తక్కువైందని అన్నావు. దీపావళికి సరిచేస్తాను.

రెండో దండం ప్రకాశం బజారులో మా కిరాణా సేటుకు. అక్టోబరు ఒకటో తారీఖున జీతం రాలేదు. పని లేకపోతే జీతం లేదని ప్రభుత్వం ముందే చెప్పింది కాబట్టి మేమేమీ ఆశ్చర్యపోలేదు, కానీ పాలవాడికి, స్కూలు ఆటోకు, మందులకు ఆశ్చర్యంతో పని లేదు కదా. సేటు ఖాతా పుస్తకం తీసి మా పేజీ చూపించి, "పైసల సంగతి జీతాలొచ్చినప్పుడు చూద్దాం, సామాను సంగతి ఇప్పుడు చూద్దాం" అన్నాడు. ఇది ఆయన మాకొక్కరికే చేసింది కాదు. టీచర్లు, గుమాస్తాలు, డ్రైవర్లు, ఎంతమంది ఇళ్లు ఆ పుస్తకం మీద నడిచాయో ఆయనకే తెలుసు.

అయితే నేను దండం పెట్టేది అప్పు ఇచ్చినందుకు కాదు. ఇవ్వనన్నందుకు. రాస్తారోకోల రోజుల్లో నార్కట్‌పల్లి దాకా వచ్చిన లారీలు అక్కడే ఆగిపోతే బజారులో కొన్ని దుకాణాలు ధర పెంచాయి. ఒకాయన ఆటో తెచ్చి సేటు దగ్గరున్న కందిపప్పు, మంచినూనె మొత్తం కావాలన్నాడు. రొక్కం చేతిలో ఉంది. నేను అక్కడే చీటీ పట్టుకుని నిలబడి ఉన్నాను. సేటు త్రాసు మీద చేయి పెట్టి, "నెలకు మీ ఇంట్లో ఎందరు తింటారో చెప్పండి, అంత తూస్తాను. మొత్తం మీకిస్తే ఈ వెనక నిలబడ్డవాళ్లకు నా మొహం తూయాలా?" అన్నాడు. ఆయన విసురుగా వెళ్లిపోయాడు. ఆ పూట సేటుకు పోయిన బేరం చిన్నది కాదు. అరువు మీద నడుస్తున్న మాలాంటి ఇళ్ల కోసం రొక్కం బేరం వదులుకోవడం ఎంత మంది వ్యాపారులు చేస్తారు?

ఇంట్లో ఒక నెలకు సరిపడా పెట్టుకోవడం వేరు, రేపు దొరకదని ఎగబడి కొనడం వేరు. మొదటిది కొరతను ఆపుతుంది. రెండోది లేని కొరతను తెస్తుంది. నాలుగు వారాల ముందు నుంచీ కొంచెం కొంచెంగా కొన్న ఇంటికీ, చివరి రోజున ఆటో తెచ్చిన ఇంటికీ ఉన్న తేడా నేను ఆ కౌంటర్ దగ్గర నిలబడి చూశాను.

ఇప్పుడు మందుల దుకాణం తమ్ముడి సంగతి. ఇది రాస్తుంటే చేయి కాస్త వణుకుతోంది. అత్తమ్మకు రోజుకు 30 యూనిట్ల ఇన్సులిన్. ఆమె వాడే సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల చొప్పున పది మిల్లీలీటర్లు, అంటే 400 యూనిట్లు. లెక్క వేస్తే రెండు వారాలు కూడా రాదు. బియ్యం లేకపోతే పక్కింట్లో అడగవచ్చు, ఇది ఎవరిని అడుగుతాం? ముందే తెచ్చి పెట్టుకోవచ్చు, నిజమే. కానీ తెరవని సీసాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. గంటల తరబడి కరెంటు లేని ఫ్రిజ్ బీరువాతో సమానం.

సెప్టెంబరు 19న ఆర్టీసీ కార్మికులు కూడా సమ్మెలోకి దిగాక, బస్సుల్లో వచ్చే పార్సిళ్లు ఆగిపోయాయి. ఆ అబ్బాయి మోటారు సైకిల్ మీద హైదరాబాద్ వెళ్లాడు. ఇక్కడికి వంద కిలోమీటర్ల దూరం, దారిలో ఎన్ని చోట్ల ఆపుతారో తెలియదు. ఆపినచోటల్లా మందులని చెబితే జెండాలు పట్టుకున్నవాళ్లే దారి ఇచ్చారట, వాళ్లకూ నా నమస్కారం. తెచ్చిన తీరు చూడండి. వెడల్పు మూతి ఫ్లాస్కులో అడుగున ఐసు, దాని మీద మడత పెట్టిన తువ్వాలు, సీసాలు ఒక్కొక్కటీ విడిగా గుడ్డలో చుట్టి ఆ పైన. ఐసు నేరుగా తగిలితే మందు గడ్డకడుతుంది, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. మాకే కాదు, చీటీ రాసుకుని తిరిగి అవసరమైన ఇళ్లన్నింటికీ తెచ్చాడు. పెట్రోలు డబ్బులు ఇస్తే తీసుకోలేదు.

తెరవని సీసాలను జనరేటర్ ఉన్న ఒక నర్సింగ్ హోమ్ ఫ్రిజ్‌లో మా పేరు రాసి ఉంచిన నర్సమ్మకు కూడా రుణపడి ఉన్నాం. తెరిచిన సీసాకు ఆమే ఉపాయం చెప్పింది. పెద్ద కుండలో ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ దించి, ఇసుక తడుపుతూ ఉండాలి. సీసా తడవకుండా మూత బిగిసే డబ్బాలో పెట్టి చిన్న కుండలో ఉంచి, పైన తడిగుడ్డ కప్పాలి. గాలి ఆడే చోట పెడితే లోపల చేయి పెట్టగానే తేడా తెలుస్తుంది. ఎలాగూ తెరిచిన సీసా ఎండ తగలకుండా చూసుకుంటే నాలుగు వారాల దాకా బయట ఉండగలదని, కంగారు పడవద్దని ధైర్యం చెప్పిందీ ఆమే. ఇసుక తడిపే పని మా చిన్నోడు తీసుకున్నాడు. బడి లేదు కదా, అంతకంటే ముఖ్యమైన ఉద్యోగం వాడికి ఇంకోటి దొరకలేదు.

మా అక్క వాళ్లది మర్రిగూడ వైపు. అక్కడి నీళ్ల కథ తెలియనివాళ్లు మన జిల్లాలో ఉండరు. కృష్ణా నీళ్లు వచ్చిన నాడు అవి తాగేవాళ్లు. కరెంటు లేక ఎక్కించే మోటార్లు ఆగితే మళ్లీ ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లే గతి. ఆ నీళ్లను మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు, పైగా నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. అక్కకు ఇద్దరు చిన్న పిల్లలు. అక్కడ ఒక పెద్దాయన, ఆయన నడుము చూస్తేనే ఎన్నేళ్లు ఆ బోరు నీళ్లు తాగాడో తెలుస్తుంది, వాన మబ్బు కనిపించగానే ఇల్లిల్లూ తిరిగి తెల్ల పంచెలు కట్టించాడట. నాలుగు మూలలా గుంజలకు పంచె కట్టి, మధ్యలో కడిగిన గులకరాయి వేస్తే అక్కడ పల్లమై ధార పడుతుంది, కింద బిందె పెట్టాలి. మొదటి పది నిమిషాల వాన వదిలేయాలి. పట్టిన నీళ్లు తాగడానికి, వంటకు మాత్రమే, మిగతా అన్నింటికీ బోరు. సెప్టెంబరు వానలు ఆ పిల్లలకు అలా పనికొచ్చాయి. వానలు ఆగాక ట్రాక్టరు మీద ట్యాంకు పెట్టి నల్గొండ నుంచి నీళ్లు తీసుకెళ్లిన ఆ ఊరి రైతుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. వ్యవసాయానికి ఇస్తామన్న 7 గంటల కరెంటు రాక ఆయన వరి మడి నెర్రెలు విచ్చింది. ఆ మనిషి డీజిల్ పోసుకుని పక్కవాళ్ల పిల్లలకు తాగునీళ్లు మోశాడు.

ఇంకా చాలామంది ఉన్నారు. సిలిండరు అయిపోయిన వారం తమ కట్టెల పొయ్యి మీద మాకూ అన్నం దించిన వెనకింటి వదిన. సైకిల్ మీద కనగల్ వైపు నుంచి పాలు తెచ్చి, ఒక్క రోజూ నాగా పెట్టని పాలాయన. బ్యాటరీతో మా ఫోన్లన్నీ చార్జింగ్ పెట్టి ఇచ్చిన మెకానిక్ చాచా. చాచా, ఫోను తీసుకోవడానికి వచ్చిన ప్రతిసారీ చాయ్ కూడా తాగించారు, అది లెక్కలో రాసుకోలేదు.

సేటుగారూ, జీతం పడిన రోజు సాయంత్రమే వస్తాం, మా పేజీ తెరిచి ఉంచండి.

చివరగా, మా ఇంట్లో వీధివాళ్ల సామాను చాలా మిగిలిపోయింది. రెండు నీళ్ల క్యాన్లు, మూత లేని స్టీలు క్యారేజీ, ఒక జల్లెడ, ఎవరిదో కిరసనాయిలు దీపం. దీపం చిమ్నీ మా చిన్నోడు పగలగొట్టాడు, కొత్తది తెచ్చి పెట్టాం. పండగ సాయంత్రం ఇంట్లోనే ఉంటాం, వచ్చి తీసుకెళ్లండి. అరిసెలు కూడా ఉంటాయి.