ఈ ఏడాది మన సంఘం పనులు, అక్టోబర్ తేరు గురించి కాస్త వివరంగా

సభ్యులందరికీ వందనాలు. ఫిబ్రవరిలో గుణదల మాత పండుగ ఎప్పటిలాగే నవదిన ప్రార్థనలతో జరుపుకున్నాం, వేసవి పిక్నిక్ వాన వల్ల వాయిదా పడినా బాగానే జరిగింది, పిల్లల తెలుగు క్లాసులు ఆగకుండా నడుస్తున్నాయి. జమాఖర్చుల కాగితం కోశాధికారి విడిగా పంపారు. నేను ముఖ్యంగా రాయాలనుకున్నది అక్టోబర్ సంగతి, ఎందుకంటే దాని మీద కమిటీలో గట్టి వాదనే జరిగింది.

మన చర్చిలోని పెరూ కుటుంబాలు ఏటా అక్టోబర్‌లో అద్భుతాల ప్రభువు పటాన్ని, అంటే సిలువ మీది క్రీస్తు బొమ్మను, తేరు మీద ఊరేగిస్తారు. ఈసారి మనల్నీ రమ్మన్నారు. పూల ఖర్చులో కొంత మన సంఘం పెట్టుకుందామంటే, "మనకు గుణదల మాత ఉండగా వాళ్ల పటానికి మన డబ్బులెందుకు" అని కొందరు పెద్దలు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఆ పటం కథ తెలిస్తే మాత్రం వాళ్లే ముందు చెయ్యి వేస్తారని నా నమ్మకం.

పెరూ స్పెయిన్ పాలనలో ఉన్న రోజులవి. 1651లో అక్కడి రాజధాని లీమా శివార్లలోని పచకమియా అనే చోట, అంగోలా నుంచి తెచ్చిన ఒక బానిస, తనవాళ్లు ప్రార్థనకు చేరే కొట్టంలో మట్టి ఇటుకల గోడ మీద సిలువ మీది క్రీస్తును గీశాడు. 1655 నవంబర్ 13న పెద్ద భూకంపం వచ్చి ఊళ్లో ఇళ్లూ గుళ్లూ కూలితే ఆ గోడ మాత్రం నిలబడింది. జనం రావడం మొదలైంది. అక్కడ బానిసలు గుమిగూడి పాటలు పాడటం నచ్చని అధికారులు 1671లో బొమ్మ చెరిపేయమన్నారు. చెరపడానికి నిచ్చెన ఎక్కినవాడు వణికిపోయి దిగేశాడని, ఆ తర్వాత వెళ్లినవాళ్లకూ చేతులు రాలేదని లీమా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. చివరికి వైస్రాయే ఆ ఆజ్ఞ వెనక్కి తీసుకున్నాడు, ఆ సెప్టెంబర్ 14న అక్కడ మొదటి పూజ జరిగింది.

1687 అక్టోబర్ 20న మళ్లీ భూకంపం వచ్చినప్పుడు ఆ గోడ బొమ్మకు నూనె రంగుల్లో నకలు వేయించి వీధుల్లోకి తెచ్చారు, ఊరేగింపు అలా మొదలైంది. గోడ ఇప్పటికీ లీమాలో నజరేనాస్ గుడిలో పీఠం మీదే ఉంది, కర్మెల్ మఠకన్యలు చూసుకుంటారు. సిలువ కింద ఒకపక్క మరియమాత, ఇంకోపక్క మగ్దల మరియమ్మ, పైన పిత దేవుడు, పవిత్రాత్మ. గీసినవాడికి సొంతానికి ఏమీ లేదు, తన ఒళ్లు కూడా తనది కాదు. అలాంటివాడి చేతి గీత నకలును ఈరోజు లీమాలో వేలమంది వంతులవారీగా భుజాల మీద మోస్తారు, లక్షలమంది వెంట నడుస్తారు. మన ఊళ్లలో ఎవరి తాతలు గుడి బయట నిలబడాల్సి వచ్చిందో తెలిసిన మనకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక్కడి ఊరేగింపులో నాకు బాగా నచ్చింది సాంబ్రాణి వేసే ఆడవాళ్లు. ఊదారంగు అంగీ, నడుముకు తెల్లతాడు, తలమీద తెల్ల లేసు ముసుగు వేసుకుని, ప్రభువుకు వీపు తిప్పకూడదని తేరు వైపే చూస్తూ వెనక్కి నడుస్తారు. మన మహిళా విభాగం వాళ్లు తెలుగు కీర్తనలు పాడుతుంటే తేరు మోసేవాళ్లు ఆగి విన్నారు. ఆ తర్వాత తురోన్ పంచారు, సోంపు వాసనతో, పాకం పట్టి పైన రంగురంగుల చక్కెర పలుకులు చల్లిన మిఠాయి. మనం పులిహోర తీసుకెళ్లాం, గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది.

పూల ఖర్చు చివరికి కమిటీలో మెజారిటీతో పాసైంది. వద్దన్న పెద్దల్లో ఒకరిద్దరు ఊరేగింపుకి వచ్చారు కూడా. వచ్చే ఫిబ్రవరిలో గుణదల మాత పండుగకు పెరూ కుటుంబాలను మనం పిలవాలని, తేరు మోయడానికి వాళ్ల కుర్రాళ్లకూ చోటివ్వాలని నా ప్రతిపాదన. సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడతాను, దయచేసి అందరూ రండి.

మీ కార్యదర్శి