తాళం వేసిన గదిలో మందు పిచికారీ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

కరోనా వల్ల మూసిన బడులను 2021 సెప్టెంబరు 1 నుంచి తెరుస్తామని, ఆగస్టు 30 కల్లా పారిశుద్ధ్యం పనులు పూర్తి కావాలని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. అప్పటి నుంచి పంచాయతీ ట్రాక్టర్లు బడి గేట్ల ముందు ఆగుతున్నాయి. భుజాన స్ప్రేయరు, చేతిలో గొట్టం, పక్కన సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీసే మనిషి. బల్లలు, గోడలు, ఆఖరికి వేపచెట్టు మొదళ్లు కూడా హైపోక్లోరైట్ అనే క్లోరిన్ మందుతో తడుస్తున్నాయి. పని చేసేవాళ్ల శ్రద్ధకు వంక పెట్టడం లేదు. మందు పడవలసిన చోట పడడం లేదన్నదే మా బాధ.

ప్రాథమిక పాఠశాలల తరగతి గదులు 2020 మార్చిలో మూతపడ్డాయి. ఉన్నత పాఠశాలలు మధ్యలో కొన్ని వారాలు నడిచి, 2021 మార్చి 24న మళ్లీ మూతపడ్డాయి. కరోనా వైరస్ బల్ల మీద కొన్ని గంటలు, మహా అయితే కొన్ని రోజులు ఉంటుంది. ఐదు నెలలు తాళం వేసి ఉన్న గదిలో చంపడానికి వైరస్ ఎక్కడిది? అక్కడ ఉన్నది దుమ్ము, ఎలుకల పెంటికలు, గబ్బిలాల రెట్ట, కందిరీగల తుట్టెలు, కిటికీ చెక్కలకు పట్టిన చెదలు. వీటికి చీపురు, బకెట్టు, సబ్బు నీళ్లు కావాలి. అది కూడా పొడిగా ఊడిస్తే రెట్ట దుమ్మంతా ఊడ్చేవాళ్ల ముక్కులోకే పోతుంది. ముందు నీళ్లు చల్లి, అరగంట ఆగి, మాస్కు కట్టుకొని ఊడవాలి. గదుల్లో పిచికారీ కొట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే నెలలోనే చెప్పింది. మురికి మీద పడిన క్లోరిన్ ఆ మురికితోనే ఖర్చయిపోతుంది, తుడవని మూలలకు తుంపర చేరదు, కళ్లు మండడం మాత్రం ఖాయం. పిల్లలు రావడం మొదలైన తర్వాత తలుపు గడియలు, నల్లా పిడులు, బల్లల అంచులు రోజూ గుడ్డతో తుడవడానికి ఆ ద్రావణాన్ని దాచుకుంటే నయం.

ఈ వారంలో ఒక్క పనికే వీలుంటే నీళ్ల ట్యాంకు కడగండి. ప్రభుత్వ తాగునీటి పథకం మిషన్ భగీరథ నీళ్లు శుద్ధి అయ్యే వస్తాయి, కానీ వచ్చి చేరేది నెలల తరబడి ఎవరూ తొంగి చూడని ట్యాంకులోకి. కోతులు మూత లాగేసిన ట్యాంకుల్లో ఏముంటుందో చెప్పనక్కర లేదు. నీళ్లన్నీ వదిలేసి, అడుగున పట్టిన ఒండ్రును కొబ్బరి పీచుతో రుద్ది, రెండుసార్లు కడిగి పారబోయాలి. తర్వాత ట్యాంకు నింపి, ప్రతి వెయ్యి లీటర్లకు 150 గ్రాముల చొప్పున బ్లీచింగ్ పౌడరు కలపాలి. పొడిని నేరుగా పోయకూడదు. బకెట్టులో ముద్దలా కలిపి, నీళ్లు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం అడుగుకు దిగుతుంది, పైన తేరిన నీళ్లే ట్యాంకులో పోయాలి. అప్పుడు బడిలోని నల్లాలన్నీ ఒక్కొక్కటిగా తిప్పి, క్లోరిన్ వాసన వచ్చే దాకా వదిలి మూసేయాలి. చాలా చోట్ల ఎగ్గొట్టేది ఈ ఒక్క పనే. ట్యాంకు శుభ్రమైనా పైపులో పాత పాచి అలాగే ఉండిపోతుంది. ఒక రాత్రంతా, కనీసం 12 గంటలు ఉంచి, ఆ నీళ్లు మొక్కలకు తగలకుండా వదిలేసి, మళ్లీ మామూలు నీళ్లు నింపుకోవాలి.

బోరు నీళ్లు వాడే బడుల్లో ఆ తర్వాత రోజువారీ మోతాదు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, అంటే దాదాపు అర టీ చెంచా. నీళ్లు కాస్త మబ్బుగా ఉంటే రెట్టింపు. అరగంట ఆగాకే తాగనివ్వాలి. అప్పటికి లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి. చుక్కలు వేసి రంగు చూసే క్లోరోస్కోపు పంచాయతీ దగ్గరో భగీరథ సిబ్బంది దగ్గరో అడిగితే దొరుకుతుంది. భగీరథ నీళ్లయితే ముందు పరీక్ష చేసి, క్లోరిన్ లేదని తేలితేనే కలపాలి. ఇంకో మాట. కొత్త బస్తాలో బ్లీచింగ్ పౌడరు బలం సుమారు 33 శాతం. మూతి విప్పి చెమ్మ గదిలో పెట్టిన బస్తాలో రోజురోజుకూ తగ్గిపోతుంది. ఉండలు కట్టి, ఘాటు పోయిన పొడిని ఎంత కలిపినా అది సున్నం కిందే లెక్క.

ట్యాంకు నింపే ముందు మోటారు సంగతి చూడాలి. స్విచ్ వేయగానే గుయ్‌మని శబ్దం చేస్తూ తిరగకపోతే వెంటనే ఆపేయాలి, రెండు మూడుసార్లు వేసి చూస్తే వైండింగ్ కాలిపోతుంది. సాధారణంగా బేరింగు పట్టేసి గానీ, కెపాసిటర్ పోయి గానీ, ఎలుకలు వైరు కొరికి గానీ ఉంటుంది. ఇది వానాకాలం. స్లాబు కారి గోడలు నానిన గదుల్లో ఇనుప తలుపులకు, కిటికీ చువ్వలకు కరెంటు వస్తున్నదేమో ఎలక్ట్రీషియన్‌తో టెస్టరు పెట్టి చూపించాకే పిల్లలను రానివ్వాలి.

చేతులు కడుక్కోవడం గురించి పోస్టర్లు బోలెడు వచ్చాయి. లెక్క ఎవరూ వేయలేదు. ఒక పిల్ల చేతులు తడిపి, సబ్బు రుద్ది, కడుక్కొని పక్కకు జరగడానికి 40 సెకన్లు పడుతుంది. 150 మంది ఉన్న బడిలో రెండు నల్లాలే పనిచేస్తే మధ్యాహ్న భోజనం ముందు అందరూ కడుక్కోవడానికి 50 నిమిషాలు. అంటే ఎవరూ కడుక్కోరు. ఆరు నల్లాలుంటే 17 నిమిషాల్లో అయిపోతుంది. అంగుళం పీవీసీ పైపును గోడ పొడవునా రెండడుగుల ఎత్తున బిగించి, రెండేసి అడుగులకు ఒక నల్లా పెడితే ఊరి ప్లంబరుకు ఒక పూట పని. కింద నీళ్లు నిలవకుండా కాలువ మర్చిపోవద్దు, లేకపోతే దోమలను మనమే పెంచినట్టు. సబ్బు బిళ్లలను కాకులు, కోతులు ఎత్తుకుపోతాయి కాబట్టి ద్రవ సబ్బు మేలు. శానిటైజరు గేటు దగ్గర ఒక సీసా చాలు. అందులో ఆల్కహాలు ఉంటుంది, కట్టెల పొయ్యి ఉన్న వంటగది ఛాయల్లోకి దాన్ని తీసుకుపోనివ్వకూడదు.

మరుగుదొడ్లలో మొదట బేసిన్లలో రెండేసి మగ్గుల నీళ్లు పోసి చూడాలి. వాడకం లేక బేసిన్ కింది వంపు పైపులో (ట్రాపు) నీళ్లు ఆవిరైపోవడం వల్లే సగం వాసన. నీళ్లు దిగకపోతే పైపు పూడినట్టు. కడగడం సబ్బు పొడితో, ఆ తర్వాతే బ్లీచింగ్. లీటరుకు 30 గ్రాముల చొప్పున, పది లీటర్ల బకెట్టుకు 300 గ్రాములు కలిపి నేల మీద పోసి పది నిమిషాలు వదలాలి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. మరకలు పోవడం లేదని దాని మీదే యాసిడ్ సీసా వంచుతారు, అప్పుడు వెలువడేది క్లోరిన్ వాయువు, తలుపు వేసిన చిన్న గదిలో ప్రాణం మీదికి తెస్తుంది. ఫినాయిల్ కూడా దాంతో కలపకూడదు.

ఇక గాలి. మాస్కు తర్వాత పిల్లలను ఎక్కువగా కాపాడేది ఇదే, ఎవరి పట్టికలోనూ లేనిది కూడా ఇదే. మన వైపు బడుల్లో కిటికీలు మేకులు కొట్టి మూసేయడానికి కారణం కోతులు. రెక్కలు మూయడానికి బదులు అంగుళం గడుల ఇనుప జాలీ కొట్టించి రెక్కలు తెరిచి పెట్టాలి. మూసిన గదిలో ఫ్యాను ఉన్న గాలినే తిప్పుతుంది తప్ప కొత్త గాలి తేదు. ఎదురెదురు గోడలకు కిటికీలుంటే సరే. ఒక్క వైపే ఉంటే తలుపు బార్లా తీసి, కిటికీలో ఒక స్టాండు ఫ్యానును బయటి వైపు తిప్పి పెట్టాలి. గది నడుమ ఒక అగరుబత్తి వెలిగించి చూడండి, పొగ అక్కడే తిరుగుతుంటే ఆ గదిలో పాఠం చెప్పడం మానుకోవడం మంచిది.

2021 ఫిబ్రవరిలో బడులు తెరిచినప్పుడు గదికి 20 మందికి మించవద్దన్నారు. 160 మంది, ఐదు గదులు ఉన్న బడిలో గదికి 32 మంది వస్తారు. గదికి 20 చొప్పున వంద మంది పోగా మిగతా 60 మందిని వరండాలో, చెట్టు కింద కూర్చోబెట్టవచ్చు, వాన పడిన రోజు ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోవాలి. రోజు విడిచి రోజు పిలవడం కాగితం మీద బాగుంటుంది. అన్న ఒక రోజు, చెల్లె ఇంకో రోజు వస్తే పత్తి చేనుకు పోయే తల్లిదండ్రులు ఇద్దరినీ మాన్పిస్తారు. పంచవలసి వస్తే తరగతుల వారీగా కాకుండా వాడల వారీగా పంచాలి.

గేటు దగ్గర జ్వరం చూసే గన్ మీద అతినమ్మకం వద్దు. రెండు కిలోమీటర్లు ఎండలో సైకిలు తొక్కి వచ్చిన పిల్లకు నుదురు వేడిగానే ఉంటుంది, వానలో తడిసిన పిల్లకు జ్వరం ఉన్నా తక్కువ చూపుతుంది. నీడలో పది నిమిషాలు కూర్చోబెట్టి, చెమట తుడిచి చూడాలి. అందరికీ 93, 94 వస్తుంటే పరికరం వస్తువుల వేడి చూసే మోడ్‌లో ఉందేమో చూసుకోవాలి. పైగా వైరస్ సోకిన పిల్లల్లో చాలామందికి జ్వరమే రాదు. ములుగు, భూపాలపల్లి అడవి పల్లెల్లో ఈ నెలల్లో వచ్చే జ్వరం మలేరియా కావచ్చు, డెంగీ కావచ్చు. అందుకే జ్వరం ఉన్న పిల్లను వేరుగా వరండాలో కూర్చోబెట్టి, ఇంటికి కబురు చేసి, కరోనా ఒక్కటే కాకుండా మలేరియా రక్తపరీక్ష కూడా చేయమని పీహెచ్‌సీకి చెప్పి పంపాలి. ర్యాపిడ్ పరీక్షలో నెగెటివ్ వచ్చినా లక్షణాలుంటే ఆర్టీపీసీఆర్ చేయించాలి. ఏఎన్‌ఎం, ఆశ కార్యకర్తల నంబర్లు ఆఫీసు గోడ మీద ఉండాలి, పెద్దసారు ఫోనులో ఉంటే చాలదు.

వంటగదిలో పాత బియ్యం బస్తాలుంటే ముందు జల్లెడ పట్టాలి. పురుగు పట్టినవి ఎండలో పోస్తే పురుగు పోవచ్చు, బూజు పట్టి ముక్కవాసన వచ్చినవి మాత్రం ఏం చేసినా పనికిరావు, రాతపూర్వకంగా తిప్పి పంపాలి. కొత్త బస్తాలు చెక్కల మీద, గోడకు జానెడు ఎడంగా. తలకు బియ్యం ప్రాథమిక తరగతుల్లో 100 గ్రాములు, ఆపై తరగతుల్లో 150 గ్రాములు. మొదటి వారం ఎంతమంది వస్తారో ఎవరూ చెప్పలేరు, హాజరు తీసుకొని లెక్క పంపాకే ఎసరు పెట్టమనాలి. అయితే వండేది ఎవరు? నెలకు వెయ్యి రూపాయల గౌరవ వేతనం మీద ఏడాదిన్నర క్రితం పనిచేసిన అక్కలు ఇప్పుడు నాట్లకు, పత్తి కలుపుకు పోతున్నారు. సీజను నడుమ తిరిగి రమ్మంటే ఎందుకు వస్తారు? ఇళ్లకు పోయి మాట్లాడి, టీకా వేసుకున్నారో లేదో అడిగి, పేర్లు ఖాయం చేసుకోవలసింది ఇప్పుడే.

చదువు సంగతి. ఇప్పుడు మూడో తరగతిలో ఉన్న పిల్ల బడిలో చివరిసారి కూర్చున్నది ఒకటో తరగతిలో. రెండో తరగతి పిల్లలైతే తరగతి గదిలో ఒక్కరోజూ కూర్చోలేదు. టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్ల పాఠాలు టీవీ ఉన్న ఇళ్లకు చేరాయి, అది కూడా కరెంటు ఉన్న పూట. కాబట్టి ఒకటి, రెండు తరగతులను రెండూ కొత్త తరగతులుగానే చూడాలి. పైతరగతుల్లో ఒక్కొక్కరిని పిలిచి అక్షరం, పదం, చిన్న పేరా చదివించి, ఒక కూడిక, ఒక తీసివేత చేయిస్తే తలకు ఐదు నిమిషాలు. 30 మందికి రెండున్నర గంటలు. ఆ లెక్క మీద గుంపులు కట్టి సెప్టెంబరు నెలంతా చదవడం, రాయడం మీదనే పెట్టాలి. పాఠ్యపుస్తకం మొదటి పాఠంతో మొదలుపెడితే సగం తరగతి మొదటి రోజే వెనకబడుతుంది. తాత్కాలికంగా పాఠాలు చెప్పిన విద్యా వాలంటీర్లను తిరిగి తీసుకోకుండా ఏకోపాధ్యాయ బడుల్లో ఇదెలా సాగుతుందో అధికారులే చెప్పాలి.

ఫీజులు కట్టలేక ప్రైవేటు బడుల నుంచి వస్తున్న పిల్లలను టీసీ లేదని తిప్పి పంపడం చట్టవిరుద్ధం. విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం టీసీ ఆలస్యం కావడం చేర్చుకోకపోవడానికి కారణం కాకూడదు. పిల్లల వివరాల ఆన్‌లైన్ జాబితా చైల్డ్ ఇన్ఫోలో పాత బడి పేరు తీసే దాకా కొత్త నమోదు పడదు, అలాంటి పిల్లల పేర్లు ఏ రోజుకారోజు మండల విద్యాధికారికి (ఎంఈఓ) పంపుతుండాలి, నెలాఖరు దాకా ఆగితే ఆ పిల్లలకు పుస్తకాలు, బియ్యం లెక్కల్లోకి రావు.

అధికారులను అడుగుతున్నవి మూడు. మొదటిది, బడి ఖర్చులకు సమగ్ర శిక్ష పథకం ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు 101 నుంచి 250 మంది ఉన్న బడికి ఏడాదికి 50 వేలు, అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు. సుద్దముక్కలు, కరెంటు బిల్లు కూడా ఇందులోంచే. మేము చెప్పిన నల్లాలు, జాలీ, బ్లీచింగ్ కొనడానికి ఆ డబ్బు తెరిచే ముందు కావాలి, మార్చి చివర్లో కాదు. రెండోది, బడి పారిశుద్ధ్య పనివాళ్లను నిరుడు తీసేసి పనిని పంచాయతీలకు, మున్సిపాలిటీలకు అప్పగించారు. పొద్దున మురికి కాలువలు తీసిన మనిషే అదే చీపురుతో పదకొండు గంటలకు బడికి వస్తే లాభం లేదు. ప్రతి బడికి ఒక మనిషిని పేరుతో కేటాయించి, పొద్దున బడి గంట కంటే ముందు, భోజనాల తర్వాత మరోసారి అని వేళలు రాసివ్వాలి. మూడోది, ఒక పిల్లకో టీచరుకో పాజిటివ్ వస్తే మూయవలసింది ఆ గదా, మొత్తం బడా, ఎన్ని రోజులు, ఎవరి సంతకంతో అన్నది జిల్లా నుంచి ఒక్క పేజీ ఉత్తర్వుగా ఆగస్టు 31 లోపల మండలాలకు చేరాలి.

ఇట్లు,
కొందరు ప్రధానోపాధ్యాయులు,
హనుమకొండ, ములుగు జిల్లాలు