దగ్గు సంగతి ఒక్క ముక్క రాయి

చిట్టితల్లీ,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలిది ఎప్పటి పాటే. తాతయ్య గడియారం మళ్లీ నడుస్తోంది. ఎవరు బాగుచేశారో చెప్పను, నమ్మవు. ఫోన్ ఎత్తడం లేదని ఉత్తరం రాస్తున్నాననుకోకు. పనుల్లో ఉంటావని తెలుసు. పంతొమ్మిది రోజులంటే పెద్ద లెక్కేం కాదు.

మొన్న చిన్నత్త మాట్లాడింది. ఆ కబురూ ఈ కబురూ అయ్యాక, "పిల్ల గొంతు బొంగురుపోయిందేంటన్నయ్యా, రెండు మాటలకోసారి దగ్గుతోంది" అంది. చిన్నత్త గోరంతను కొండంత చేస్తుందని నాకు తెలియదా! పట్టించుకోలేదు.

ఇంతకీ నువ్వు ఇంకా తెల్లవారుజామున ఐదింటికే ఆ పార్కులో పరిగెత్తుతున్నావా? వెళ్లమన్నది నేనే, ఒప్పుకుంటాను. చెట్ల కింద రుణ అయాన్లు ఎక్కువ, ఊపిరితిత్తులకి మంచిదని ఊదరగొట్టాను. అందులో అబద్ధం లేదు గానీ సగమే చెప్పాను. మిగతా సగం ఈమధ్యే చదివాను, విసుక్కోకుండా విను.

గాలిలోని అణువుకి ఒక ఎలక్ట్రాన్ అదనంగా వచ్చి చేరితే రుణ అయాన్. నేలలోంచి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు, ఆకాశం నుంచి పడే కాస్మిక్ కిరణాలు వీటిని రాత్రీ పగలూ పుట్టిస్తూనే ఉంటాయి. నేలకి దగ్గర్లో, ఘన సెంటీమీటరు గాలిలో సెకనుకి ఓ పది జతలు (జతలో ఒకటి ధన, ఒకటి రుణ). పార్కులో పుట్టినట్టే ట్రాఫిక్ కూడలిలోనూ పుడతాయి. అసలు తేడా బతకడంలో ఉంది. శుభ్రమైన గాలిలో అయాన్ నిమిషమో, ఇంకాస్త ఎక్కువో ఉంటుంది. పొగలో పుట్టినదైతే క్షణాల్లో ఏ మసిరేణువుకో అంటుకుని మాయమైపోతుంది. అంటే అయాన్లు ఎక్కువగా ఉంటే అక్కడి గాలి శుభ్రంగా ఉందని గుర్తు, అంతే. థర్మామీటరు చంకలో పెట్టుకుంటే జ్వరం తగ్గదు కదా.

మరి చెట్లు గాలిని వడకట్టవా అంటావు. వడకడతాయి. దుమ్ము ఆకుల మీద చేరి, వానకి నేలలోకి దిగుతుంది. కానీ అమెరికా చెట్లు ఏటా లక్షల టన్నుల కాలుష్యాన్ని పట్టుకుంటాయని లెక్కగట్టినవాళ్లే, దానివల్ల గాలి బాగుపడేది సగటున ఒక్క శాతం లోపేనని కూడా రాశారు. నన్నడిగితే పార్కు చేసే పెద్ద ఉపకారం నిన్ను రోడ్డుకి దూరంగా ఉంచడమే. నువ్వేమో గేటు పక్కనే, బస్సులు ఆగే వైపు పరిగెత్తుతావు (ఫొటోలో చూశాను). లోపలికి వెళ్లమ్మా. దట్టమైన పొదల కంచె ఉంటే దాని వెనక వైపుకి వెళ్లు.

ఇంకొకటి, చలికాలం తెల్లవారుజామున నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి, పైన వెచ్చటి గాలి మూత పెట్టినట్టు కూర్చుంటుంది. రాత్రంతా తిరిగిన లారీల పొగ ఆ మూత కిందే ఉంటుంది. మనం దాన్నే మంచు అనుకుని మురిసిపోతాం. పరిగెత్తేవాళ్లు కూర్చున్నవాళ్లకన్నా ఎన్నో రెట్లు గాలి పీలుస్తారు. ఎండ వచ్చి గంటా రెండు గంటలయ్యాక వెళ్లు. వెళ్లే ముందు ఫోన్‌లో పీఎం 2.5, అంటే గాలిలోని అతి సన్నటి రేణువుల లెక్క, చూడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఘనమీటరుకి రోజు సగటు 15 మైక్రోగ్రాములు దాటకూడదంది. ఆ అంకె నీకు రోజూ కనబడుతుందని నాకేం భ్రమల్లేవు. కనీసం మరీ ఘోరంగా ఉన్నరోజు ఇంట్లో ఉండు.

మీ అమ్మ భుజం మీంచి చూసి "ఉత్తరమా, నోట్సా?" అంది. సరే, కథ చెబుతాను.

నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు అయాన్లు లెక్కపెట్టే మీటరు తెచ్చి వారం ఉంచుకోమన్నాడు. ఇక చూడు, నాకు పండగే. హాల్లో పెట్టాను, చాలా తక్కువ. కిటికీ తీశాను, కాస్త పెరిగింది. పక్కింటాయన బండి స్టార్ట్ చేసి అలా వదిలేశాడు, పడిపోయింది. పరిగెత్తుకెళ్లి ఆయనకి చూపిస్తే ఎగాదిగా చూశాడు. తర్వాత స్నానాల గదిలో షవర్ తిప్పి గుమ్మం దగ్గర పెట్టాను. అంకె ఎక్కడికో వెళ్లిపోయింది! నీళ్లు చితికినప్పుడు సన్నటి తుంపర్లు రుణావేశాన్ని గాలిలోకి మోసుకుపోతాయి. జలపాతాల దగ్గర ఇదే జరుగుతుందని లెనార్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1892లోనే రాశాడు. మీ అమ్మ విని "అయితే అక్కడే కుర్చీ వేసుకోండి" అంది. మీటరు తడుస్తుందని తుడుస్తూ ఉంటే, ఆవిడ మెడలోని లాకెట్ దానికి దగ్గరగా వచ్చింది.

షవర్ కట్టేసే ఉంది. అయినా అంకె మళ్లీ లేచింది.

రుణ అయాన్లు ఇస్తుంది, నిద్ర పడుతుంది, బెంగ పోతుంది అని నేను కొన్న రెండు లాకెట్లలో అదొకటి. రెండోది ఎవరికి పంపానో నీకు తెలుసు. కరెంటు లేదు, నీళ్లు లేవు, మరి అయాన్లు ఎలా వస్తున్నాయి? ఆ రాత్రి కూర్చుని చదివాను. ఇలాంటి కొన్నింటిలో థోరియం, యురేనియం ఉన్న ఖనిజపు పొడి కలుపుతారట, వాటి రేడియోధార్మికతే గాలిలో అయాన్లని పుట్టిస్తుంది. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ లాకెట్లు, కంకణాలు, కళ్లగంత లాంటి పది వస్తువుల్లో రేడియోధార్మికత ఉందని, ధరించొద్దని హెచ్చరించింది. పోనీ మేలైనా ఉందా? 2013లో పాత ప్రయోగాలన్నీ కలిపి చూసినవాళ్లకి ఆందోళనకీ నిద్రకీ అయాన్లతో నిలకడైన ఫలితమేదీ కనబడలేదు. డిప్రెషన్ విషయంలో మాత్రం, చాలా ఎక్కువ సాంద్రత ఇచ్చినప్పుడు, కొంత కనబడింది. అదీ యంత్రాలతో, లాకెట్లతో కాదు.

మనదాంట్లో ఏముందో తేల్చడానికి ఆ కుర్రాడు వేరే మీటరు తెస్తానన్నాడు. ఈలోగా నువ్వు దాన్ని తీసెయ్. నాన్న ఇచ్చాడని మొహమాటపడకు. చెత్తలో వెయ్యకు, డబ్బాలో పెట్టి మూతేసి, పడుకునే గదికి దూరంగా ఉంచు. అయాన్ల యంత్రమేదైనా కొన్నావా? కొని ఉంటే కట్టెయ్. వాటిలో కొన్ని ఓజోన్ వదులుతాయి, ఉబ్బసం ఉన్నవాళ్లకి అది అస్సలు పడదు. నీకిప్పుడు ఉబ్బసం లేదనుకో. ఆరో ఏట తగ్గిపోయిందన్నారు. ఆ రాత్రులు మీ అమ్మా నేనూ వంతులేసుకుని కూర్చున్నది నీకు గుర్తుండదు.

దగ్గు పొడిదా, కఫం ఉందా? రాత్రిళ్లా, పరిగెత్తాకా? ఇన్‌హేలర్ మీద గడువు తేదీ ఉంటుంది, చూడు. డాక్టరుకి చూపించాక ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయి. "బాగానే ఉన్నా నాన్నా" అని మాత్రం రాయకు.

నాన్న

తా.క. మీ అమ్మ ఫోన్ రాత్రి తొమ్మిదికి కట్టేస్తుంది. నాది కట్టను.