విదేశాంగ ఫెలోషిప్‌లకు మన సైనికాధికారులూ దరఖాస్తు చేయాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

సైన్యంలో 12, 15 ఏళ్ల సర్వీసు దాటిన మన తెలుగు అధికారులు విదేశాంగ విధానం మీద ఇచ్చే ఫెలోషిప్‌లంటే ఎందుకు జంకుతారో నాకు అర్థం కాదు. అమెరికాలో విదేశాంగ విధానం మీద పనిచేసే కౌన్సిల్ ఆన్ ఫారిన్ రిలేషన్స్ లాంటి సంస్థల్లో సర్వీసులో ఉన్న అక్కడి సైనికాధికారులు ఏడాది పాటు పరిశోధన చేస్తారు, వాళ్లను ఎంపిక చేసి పంపేది ఆ దేశ సైనిక విభాగాలే. మన ఢిల్లీలో 1965లో పెట్టిన రక్షణ అధ్యయన సంస్థ ఐడీఎస్ఏ (ఇప్పుడు మనోహర్ పారికర్ ఐడీఎస్ఏ) కూడా యూనిఫాంలో ఉన్నవాళ్లను తీసుకుంటుంది. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో సైనికాధికారులకు ఉన్న స్టాఫ్ కాలేజీలో చదివినవాళ్లకు ఇక్కడి మద్రాసు యూనివర్సిటీ ఎమ్మెస్సీ ఇస్తుంది కదా, దానికోసం రాసే డిసర్టేషనే (పరిశోధన వ్యాసమే) మంచి పునాది.

నా దగ్గరకు సలహాకు వచ్చే కుర్రాళ్ల దరఖాస్తుల నిండా పోస్టింగులు, పతకాలే ఉంటాయి. ఫెలోషిప్‌కు ఎంపిక చేసే సివిలియన్ ప్యానెల్‌కు కావలసింది అది కాదు, మీరు ఏ ప్రశ్న అడుగుతున్నారన్నది. ‘హిందూ మహాసముద్ర భద్రత’ అంటే ఎవరికీ పట్టదు, 2017లో 99 ఏళ్ల లీజుకు చైనా కంపెనీ చేతికి వెళ్లిన శ్రీలంకలోని హంబన్‌తోట రేవు వల్ల మన తూర్పు తీరం గస్తీలో ఏం మారాలి అని రాస్తే చదువుతారు. సైనిక పొట్టి పేర్లు తీసేయండి. సిఫారసు లేఖల్లో ఒకటైనా ప్రొఫెసర్‌ది ఉండాలి. పైనుంచి అనుమతి రావడానికి చాలా టైం పడుతుంది, అది ముందే మొదలుపెట్టండి.

మీ కెరీర్ పేజీలో ఈ ఫెలోషిప్‌ల గడువు తేదీలు కూడా వేయమని నా విన్నపం.

- ఒక రిటైర్డ్ సైనికాధికారి, సెయింట్ థామస్ మౌంట్, చెన్నై